ఐదున్నర బాబాయి ఐదు ఫైళ్లు

ఆ రోజుల్లో కంప్యూటర్ కోర్సు చదివిన పిల్ల ఇంట్లో ఉందంటే, వీధిలో కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ ఏదో ఒక రోజు ఆ ఇంటి గుమ్మం తొక్కేది. నేను చీరాలలో ఒక మేడ మీద ఆరు నెలల కోర్సు చదివాను. వారానికి మూడు క్లాసులు. (అందులో రెండిటికి కరెంటు ఉండేది కాదు.) సర్టిఫికెట్ ఇంకా చేతికి రాకముందే ఎదురింటి అత్తయ్యగారు టీవీ రిమోటు పట్టుకొచ్చారు, పాలకేంద్రం ఆయన తూకం మిషను పట్టుకొచ్చాడు, ఒకావిడ అయితే ఏకంగా ఇస్త్రీపెట్టె తెచ్చింది. నేను ప్రతిదాన్నీ గంభీరంగా తిప్పి చూసి, బ్యాటరీలు ఉంటే తీసి మళ్లీ వేసి, లేకపోతే వైరు పీకి మళ్లీ పెట్టి ఇచ్చేదాన్ని. సగం బాగుపడేవి. మిగతా సగానికి "పాతబడిందండీ, కొత్తది కొనుక్కోండి" అని సలహా ఇచ్చేదాన్ని. నాకు తెలియని విషయాలు కూడా కొన్ని ఉంటాయన్న అనుమానం ఆ ఇరవై ఒకటో ఏట నాకు రాలేదు. అది వచ్చిన రోజు గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మా పెదనాన్న హార్మోనిస్టు. మా రెండు జిల్లాల్లో ఎక్కడ పౌరాణిక నాటకం ఆడినా పక్కన ఆయన పెట్టె ఉండాల్సిందే. అలా ముప్ఫై ఏళ్లు వాయించిన మనిషి, ఒకరోజు ఉన్నట్టుండి హార్మోనియాన్ని గుడ్డ చుట్టి అటక మీద పెట్టేసి, బారెడు ఎలక్ట్రానిక్ కీబోర్డు కొనుక్కొచ్చాడు. నాటకాల వాళ్లకది మామూలు విషయం కాదు. ఇంట్లో ఎవరో పోయినట్టు వచ్చి పలకరించి వెళ్లారు. చీమకుర్తి నుంచి ఒక పెద్దాయన గ్రానైటు లారీ ఎక్కి మరీ వచ్చి, "పద్యానికి గాలి కావాలయ్యా, కరెంటేంటి? నీకేం పోయేకాలం?" అని వాకిట్లోనే నిలబడి కేకలేసి, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. పెదనాన్న ఎవరితోనూ వాదించలేదు. గట్టిగా నిలదీస్తే "భుజం నొప్పండీ, తిత్తి కొట్టలేకపోతున్నాను" అనేవాడు. (కీబోర్డు, దాని స్టాండు, దాని స్పీకరు కలిపితే హార్మోనియానికి మూడింతల బరువు. వాటిని రైలెక్కించేది కూడా ఆ భుజమే. ఈ లెక్క ఎవరికీ తట్టలేదు, కంప్యూటర్ చదివిన నాకు అసలే తట్టలేదు.)

ఇంతమంది తిడుతుంటే వెనకేసుకొచ్చింది ఒక్క ఐదున్నర బాబాయే. "వాడి వేళ్లు, వాడి ఇష్టం. వాడు రోలు వాయించినా నేను పాడతా. మీకేంటి బాధ?" అని అందరి నోళ్లూ మూయించాడు. అది అందరికీ ఆశ్చర్యమే, ఎందుకంటే పాత పద్ధతుల విషయంలో ఆయనంత మొండిమనిషి ఇంకొకరు లేరు.

ఐదున్నర బాబాయి నాకు సొంత బాబాయి కాదు, పెదనాన్న చిన్ననాటి స్నేహితుడు. వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమాస్తా. స్టేజీ ఎక్కితే మాత్రం రాజు. ఆయన అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా కనపడదు, ఊరూవాడా అందరికీ ఐదున్నరే. అది ఆయన శ్రుతి. సంగీతం తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను, హార్మోనియం మెట్ల మీద ఈ అంకె ఎంత పెరిగితే గొంతు అంత పైకి వెళ్లాలి. మామూలు మగవాళ్లు ఒకటిలోనో రెండులోనో పాడుకుంటారు. ఐదున్నర ఆడవాళ్ల శ్రుతి. అక్కడ నిలబడి, కిరీటం కదలకుండా, పద్యం చివర రాగాన్ని ఇంకా పైకి లాగి వదిలితే జనం లేచి నిలబడేవాళ్లు. పాడే ముందు ఆయనకొక అలవాటు ఉండేది. పక్కకు ఒరిగి పెదనాన్న వేళ్లు ఏ మెట్టు మీద ఉన్నాయో చూసుకునేవాడు. ఐదో తెల్లమెట్టుకూ ఆరోదానికీ మధ్య ఉన్న నల్లమెట్టు మీద ఉన్నాయని నిర్ధారించుకున్నాకే నోరు తెరిచేవాడు. "అరవై దాటినా అర మెట్టు దిగలా" అన్నది ఆయన రోజూ అనే మాట.

ఇక నా ఘనకార్యానికి వస్తాను. పెదనాన్నకు కంట్లో శుక్లాల ఆపరేషన్ జరిగింది. పదిహేను రోజులు మంచం మీద ఉండాలనీ, నల్లద్దాలు నెల దాకా తీయొద్దనీ అన్నారు. గుంటూరులో బాబాయికి సన్మానం అప్పటికి మూడు వారాల్లో ఉంది, నటుడిగా నలభై ఏళ్లు నిండాయని మిర్చి వ్యాపారులు పెద్ద ఎత్తున చేస్తున్నారు. బాబాయి పద్యాలు పాడాలి, పెదనాన్న వాయించాలి. వేళ్లకు కళ్లతో పనిలేదు గానీ, కీబోర్డు మీద చిన్న కిటికీలో కనపడే అక్షరాలు చదవడానికి ఎవరో ఒకరు కావాలి. "మన పిల్ల కంప్యూటర్ చదివింది కదా" అంది పెద్దమ్మ. అలా నాకు ఆ కీబోర్డూ, దాని పక్కన దూర్చిన తపాలా బిళ్లంత మెమరీ కార్డూ అప్పజెప్పారు.

కార్డు తెరిచి చూసి నిర్ఘాంతపోయాను. నూటికి పైగా ఫైళ్లు, ఒక వరుసా పాడూ లేదు. పెదనాన్నకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని కొట్టడమే వచ్చు, ఆ కొట్టడంలోనూ ఏది ముందు దొరికితే అది. ఉరుములు మూడు ఉన్నాయి: ఉరుము, పెద్ద ఉరుము, మామూలు ఉరుము. కత్తి యుద్ధం ఒకటి. 'వద్దు' అని ఒక ఫైలు. (తెరిస్తే నెమలి అరిచింది. ఎందుకు వద్దో ఇప్పటికీ తెలియదు.) నటుల ఫైళ్లు వేరే. ఫలానా మనిషి ఫైలు తెరిస్తే ఆయన శ్రుతి, వెనక తంబూరా మోత, ఆయన ప్రవేశానికి వాయించే ముక్క అన్నీ సిద్ధంగా ఉంటాయి. అందరికీ ఒక్కొక్కటి. బాబాయి పేరు మీద మాత్రం ఐదు. బాబాయి, బాబాయి ఒకటి, బాబాయి రెండు, మూడు, నాలుగు. ఒకే మనిషికి ఐదు ఫైళ్లేంటని ఒక్కొక్కటే తెరిచి పక్కపక్కన పోల్చి చూశాను. అదే తంబూరా, అదే ముక్క, అదే వేగం. తేడా అల్లా ఒక మూలన చిన్న అంకె. మొదటిదాంట్లో సున్నా. తర్వాతవాటిలో వరసగా మైనస్ ఒకటి, మైనస్ రెండు, మైనస్ మూడు, మైనస్ నాలుగు. అంకె అలా వరసగా దిగుతుంటే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు మాత్రం పెదనాన్న సేవ్ చేసినప్పుడల్లా చెయ్యి తగిలి మారిపోయిందనిపించింది. మైనస్ అంటే ఏదో లోపమేననీ, సున్నా ఉన్నదే శుభ్రమైన ఫైలనీ తీర్మానించాను. తీసేయమంటావా అని కీబోర్డు అడిగింది. అవునన్నాను. నిజంగానా అని మళ్లీ అడిగింది. దాని పిరికితనానికి నవ్వుకుని మళ్లీ అవునన్నాను. అలా నాలుగుసార్లు.

మిగిలిన వాటిని ఉరుములు ఒకచోట, మనుషులు ఒకచోట పెట్టి, అక్షరాల వరుసలో సర్దాను. పెదనాన్నకు చెప్పలేదు. నల్లద్దాలు తీశాక చూసి మురిసిపోవాలని నా ఆశ.

సన్మానం రోజు పొద్దున్నే పాసింజరెక్కాం. అది తెనాలి దగ్గర గంటన్నర ఆగింది. కల్యాణమండపం చేరేసరికి పదిన్నర, అప్పటికే స్టేజీ మీద ఉపన్యాసాలు మొదలయ్యాయి. కీబోర్డు బిగించడానికే టైము సరిపోయింది, వాయించి చూసుకోవడానికి లేదు. తబలా మామయ్య (పెద్దమ్మ తమ్ముడు) ఇంటి దగ్గరే తబలాను శ్రుతికి కట్టుకొచ్చి మా పక్కన చేరాడు. మిర్చి యార్డు అక్కడికి దగ్గరే. సీజను కావడంతో గాలి నిండా కారం ఘాటు. ముందు వరుసలో కూర్చున్న వాళ్లు కూడా తువ్వాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉన్నారు. పెదనాన్న నా చెవి దగ్గరకు వంగి, "బాబాయి లేవగానే బాబాయి ఫైళ్లలో చిట్టచివరిది పెట్టు. మర్చిపోకే, చిట్టచివరిది" అన్నాడు. అలాగే పెదనాన్నా అన్నాను. ఉన్నదే ఒక్కటి కాబట్టి మొదటిదైనా చివరిదైనా అదే కదా అని నా ధీమా.

బాబాయికి శాలువా కప్పారు, దండ వేశారు, తలకు అట్ట కిరీటం కూడా పెట్టారు. ఆయన మైకు ముందుకొచ్చి "అరవై దాటినా అర మెట్టు దిగలా" అన్నాడు. హాలంతా చప్పట్లు. అలవాటు ప్రకారం పక్కకు ఒరిగి చూశాడు. పెదనాన్న వేలు నల్లమెట్టు మీద సిద్ధంగా ఉంది. నేను ఫైలు తెరిచాను. పెదనాన్న మెట్టు నొక్కాడు.

తంబూరా మోగింది. పెదనాన్న ఉలిక్కిపడ్డాడు. నల్లద్దాల వెనక కళ్లు కనపడలేదు గానీ మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయింది. తబలా మామయ్య ఒక్క దెబ్బ వేసి, అది అపశ్రుతిగా మోగడంతో నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏం ఫైలు పెట్టావే?" అన్నాడు పెదనాన్న పళ్ల సందులోంచి.

"బాబాయిదే పెదనాన్నా."

"నాలుగు పెట్టు. బాబాయి నాలుగు!"

"నాలుగు లేదుగా. అన్నీ ఒకటేనని తీసేశాను."

ఆయన నా వైపు వంగి, మళ్లీ వెనక్కి జరిగాడు. చెప్పాల్సిన మాట ఆ స్టేజీ మీద చెప్పేది కాదు. కీబోర్డులో ఒక బటను ఉంటుంది, దాన్ని నొక్కి అంకె తగ్గిస్తే వేళ్లు ఏ మెట్టు మీద ఉన్నా పలికేది కింద మెట్టు. చూసేవాళ్లకు ఐదున్నర, వినపడేది మూడు. హార్మోనియంలో ఆ మోసం కుదరదు, నొక్కిన మెట్టే పలుకుతుంది. ఆయన భుజం నొప్పేమిటో, ఆ ఐదు ఫైళ్లేమిటో, అంకె ఒక్కొక్కటే ఎందుకు దిగిందో అన్నీ ఆ ఒక్క క్షణంలో నా బుర్రలోకి ఎక్కాయి. స్నేహితుడి గొంతు ఏడాదికింత దిగుతుంటే, అది ఆయనకు కూడా తెలియకుండా పెదనాన్న ఒక్కొక్క ఫైలూ కట్టుకుంటూ వచ్చాడు. నేను ఒక మధ్యాహ్నం కూర్చుని వాటన్నిటినీ తీసిపారేశాను.

అప్పటికే బాబాయి కళ్లు మూసుకుని చెయ్యి పైకెత్తాడు. ఆలాపన అందుకున్నాడు. ఆ గొంతు మొదటి మెట్టు ఎక్కింది, రెండోది ఎక్కింది, మూడో దగ్గర జీరపోయి ఆగిపోయింది. వెనక ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు కూడా వినపడింది. ఏ నూతిలోనో పడి చచ్చిపోవాలనిపించడమంటే ఏమిటో నాకు తెలిసింది అప్పుడే.

బాబాయి కళ్లు తెరిచాడు. తంబూరా మోతను ఒక్క క్షణం విన్నాడు. తర్వాత పెద్దగా దగ్గి, మైకులో "గుంటూరు వాళ్లు సన్మానానికి పిలిచి గొంతులో కారం కొడితే ఎట్టాగండీ?" అన్నాడు. అంతే, అప్పటిదాకా ఓర్చుకున్న జనమంతా ఒక్కసారి దగ్గారు, నవ్వారు. ఒక వ్యాపారి లేచి తలుపులు మూయమని అరిచాడు. ఎవరో మంచినీళ్ల గ్లాసు అందించారు. బాబాయి ఒక గుక్క తాగి గ్లాసు ఇచ్చేసి, మా దగ్గరకు వచ్చి, జనానికి వీపు తిప్పి, శాలువా రెండు చేతులతో విప్పి మళ్లీ కప్పుకునే నెపంతో కీబోర్డుకు అడ్డంగా పట్టుకుని, పెదనాన్న చెవి దగ్గర అన్నాడు.

"ఒరేయ్, ఇవాళ నిజం శ్రుతి పెట్టావేంట్రా? ఎప్పుడూ పెట్టే నాలుగూ తగ్గించు, త్వరగా!"

పెదనాన్న నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. నేను ఆయన మొహంలోకి, బాబాయి మొహంలోకి మార్చి మార్చి చూస్తున్నాను. "చూస్తావేంటే, నొక్కు!" అన్నాడు బాబాయి. నా వేలు దానంతట అదే వెళ్లి మైనస్ బటను నాలుగుసార్లు నొక్కింది. తబలా మామయ్య తల వంచుకుని, "హమ్మయ్య, నేను మూడుకే కట్టుకొచ్చాను" అని గొణిగాడు. ఆయనకూ తెలుసు! ఆ స్టేజీ మీద తెలియని మనిషిని నేనొక్కదాన్నే.

బాబాయి శాలువా కప్పుకుని వెనక్కి వెళ్లి, పక్కకు ఒరిగి, నల్లమెట్టు మీద ఉన్న పెదనాన్న వేలును ఎప్పటిలాగే పరీక్షగా చూసి, తల పంకించి, పద్యం ఎత్తుకున్నాడు. ఎంత బాగా పాడాడో నేను చెప్పలేను. చివర రాగం వదిలేసరికి తువ్వాళ్లు గాల్లోకి లేచాయి. మళ్లీ పాడమని అరిచారు. మళ్లీ పాడాడు. నేను ఏడుస్తూ కూర్చున్నాను, చూసినవాళ్లు కారం ఘాటు అనుకున్నారు.

భోజనాల దగ్గర ముగ్గురూ ఒక వరసలో కూర్చున్నారు, నేను ఎదురుగా. పప్పు అయ్యాక పెదనాన్న అడిగాడు.

"ఎప్పట్నుంచి తెలుసురా నీకు?"

"మొదట్నుంచీ. ఇంటి దగ్గర శ్రుతిపెట్టె పెట్టుకుని పాడితే ఐదున్నర అందట్లా. నీ పక్కన నిలబడితే అందుతోంది. నీ పక్కన గాలేమన్నా మారుద్దా?"

"మరి చెప్పలేదేం?"

"చెబితే నువ్వు సిగ్గుపడతావని."

"నేను సిగ్గుపడటమేంట్రా? పాడేది నువ్వు!"

"మోసం చేసేది నువ్వు కదరా" అన్నాడు బాబాయి చారు కలుపుకుంటూ. "నాకోసం హార్మోనియం అటకెక్కించావు. ఊళ్లో అడ్డమైన వాళ్లతో మాటలు పడ్డావు. నాకు తెలుసని తెలిస్తే నీకింక వాయించబుద్ధి కాదని ఊరుకున్నా. వేలు చూసుకోవటం మానేస్తే అనుమానం వస్తదని అదీ మానలా."

పెదనాన్న నల్లద్దాలు తీసి కళ్లు తుడుచుకోబోతే, ఆపరేషన్ కన్ను ముట్టుకోవద్దని బాబాయే చెయ్యి పట్టుకుని కేకలేశాడు. "తప్పయిపోయింది బాబాయ్, సర్దుదామనుకుని అన్నీ పాడుచేశాను" అన్నాను. ఆయన నా విస్తట్లో ఇంకో పూర్ణం వేయించి, "ఏం పాడు కాలా. ఇంటికెళ్లి ఆ నాలుగో ఫైలు మళ్లీ చెయ్యి. దాంతోపాటే బాబాయి ఐదు కూడా చేసి పెట్టెయ్. వచ్చే సీజనుకు పనికొస్తది" అన్నాడు. తబలా మామయ్య మజ్జిగ పొలమారి దగ్గాడు.

చేశాను. వచ్చే సీజనుకు అది పనికొచ్చింది కూడా. తర్వాత ఆరు కూడా చేశాను. ఆ తర్వాత చేయాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. కీబోర్డు మా ఇంట్లోనే ఉంది, కార్డు కూడా. 'వద్దు' ఫైలుతో సహా ఒక్కటి కూడా తీసేయలేదు.

ఆ సన్మానం అయ్యాక పెదనాన్న దగ్గర కూర్చుని సంగీతం నేర్చుకున్నాను, చెవులు లేకుండా ఫైళ్లు సర్దకూడదని గట్టిగా అనిపించింది గనక. ఇప్పుడు ఒక స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతాను, సాయంత్రాలు మా కాలనీ ఆడవాళ్ల భజన బృందంలో పాడతాను. నా శ్రుతి ఐదున్నర. బాబాయి పేరు నిలబెడుతున్నానని నాకు కాస్త గర్వం, ఆ సంగతి కొత్తగా చేరిన వాళ్లందరికీ మొదటి రోజే చెబుతాను. కీబోర్డు బిగించి, ఫైలు తెరిచి, శ్రుతికి నల్లమెట్టు నొక్కి పట్టే పని మా ఆయనది. ఆయనకు సంగీతం బొత్తిగా రాదు. ఈ కథ మాత్రం నా నోట వందసార్లు విన్నారు.

మొన్న శనివారం భజనకు ముందు నా కళ్లద్దాలు కనపడకపోతే వెతుక్కుని, పెట్టుకున్నాక అలవాటు లేని పని ఒకటి చేశాను. కీబోర్డు కిటికీలోకి తొంగి చూశాను. నా పేరు మీద మూడు ఫైళ్లున్నాయి. తెరిచి ఉన్నది చివరిది. మూలన మైనస్ రెండు.

నలభై ఐదేళ్లకేనా? ఎప్పట్నుంచి? నా చెవులకు ఏమైంది? ఇన్నాళ్లూ ఐదున్నర, ఐదున్నర అని ఎంతమంది ముందు కోతలు కోశాను? ఆ కీబోర్డు ముందు నిలబడి ఆనాటి పెదనాన్న లాగే నోరు తెరుచుకుని ఉండిపోయాను. మా ఆయన అప్పుడే స్పీకరు వైరు బిగించి లేచి, చేతులు దులుపుకుంటూ, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, "ఏంటలా చూస్తున్నావు? శ్రుతి సరిపోయిందా?" అన్నారు.

నేను కళ్లద్దాలు తీసి సంచిలో వేసుకున్నాను. ఆయన కీబోర్డు ముందు కూర్చున్నాక పక్కకు ఒరిగి, వేలు నల్లమెట్టు మీదే ఉందని పరీక్షగా చూసుకున్నాను.

"సరిగ్గా ఐదున్నరండీ" అని, పాట ఎత్తుకున్నాను.